గంగమ్మ ఇంటి ఇల్లాళ్ళు

రైతు ఇల్లాలు అనగానే మన కళ్ళముందు ఒక బొమ్మ కదుల్తుంది. నెత్తిమీద అన్నం గంప, చేతిలో మజ్జిగ చెంబు, గట్టుమీద గబగబా నడిచొచ్చే ఆవిడ. నాట్లు, కలుపులు, కుప్పనూర్పులు... మధ్యలోనే పాలు పితకడం, పిల్లల్ని పెంచడం, అత్తమామల్ని చూసుకోవడం. మనలో చాలామందికి ఆవిడ ఎవరో కాదు, అమ్మమ్మో నాయనమ్మో అయివుంటుంది.

మరి సముద్రాన్నే పొలంగా నమ్ముకున్నవాళ్ళ మాటేమిటి? ఆ ఇంటి ఇల్లాలు ఎలా వుంటుంది? ఆదివారం పూట వంజరం ముక్కలు వేయించుకొని తింటాం, కవ్వళ్ళ పులుసు రెండోరోజు దాకా దాచుకుంటాం. కానీ ఆ చేప వలలోంచి మన గిన్నెలోకి వచ్చేదాకా ఎన్ని ఆడచేతులు మారిందో ఎప్పుడైనా ఆలోచించామా? విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్ గురించి చెప్పుకుంటే ఆ సంగతి కాస్త తెలుస్తుంది.

ఈసారి ఆ ఇల్లాలి కథే చెప్పుకుందాం. ఒక్కావిడ కథ కాదిది. భార్యగా, తల్లిగా, అమ్మమ్మగా ఆ రేవులో బతుకీడుస్తున్న ఎందరో ఆడవాళ్ళ కథ.

చేపకి గాదె లేదు

విశాఖ రేవులోకి మొట్టమొదటి ఓడ 'జలదుర్గ' వచ్చింది 1933 అక్టోబరు 7న. అంతకుముందు నుంచీ ఈ తీరమంతా జాలర్లదీ, వాడబలిజలదీ. తెప్పలు, నాటుపడవలు ఏ పల్లెకా పల్లె ఇసుకలోనే ఆగేవి. మగవాళ్ళు ఒడ్డుకి రాగానే ఇంటి ఆడవాళ్ళు వలలోంచి చేపలు ఏరుకొని, తట్టలో సర్దుకొని, ఊళ్ళోకి నడిచేవాళ్ళు. ఇల్లు, ఒడ్డు, బజారు అన్నీ కాలినడకన అందేంత దూరంలో వుండేవి.

1976లో ఫిషింగ్ హార్బర్ వచ్చాక పద్ధతి మారింది. మరబోట్లు వచ్చాయి. రొయ్యకి విదేశాల్లో గిరాకీ పెరిగి బోట్ల సంఖ్యా పెరిగింది. ఐసు, డీజిలు, తాగేనీళ్ళు, బియ్యం ఎక్కించుకొని పది పదిహేను రోజులు సముద్రంలోనే వుండిపోయే బోట్లు కొన్ని. రాత్రి వెళ్ళి పొద్దున్నే తిరిగొచ్చే ఫైబరు పడవలు కొన్ని. ఏ పల్లెకా పల్లె దిగే చేప ఎక్కువభాగం ఇప్పుడు ఒక్కచోటే దిగుతోంది. అక్కడ పాట పెడతారు. ఎవరు ఎక్కువ పాడుకుంటే చేప వాళ్ళది.

ఇక్కడే రైతింటికీ, జాలరింటికీ ఒక పెద్ద తేడా వుంది. రైతుకి ధర నచ్చకపోతే ధాన్యాన్ని నాలుగు నెలలు గాదెలో పోసుకోవచ్చు. చేపకి గాదె ఎక్కడిది? దిగిన పూటే అమ్ముడుపోవాలి. పొద్దున్న నిగనిగలాడిన చేప మధ్యాహ్నానికి మెత్తబడుతుంది, సాయంత్రానికి సగం ధర కూడా పలకదు. మగవాడు రాత్రంతా వలలాగి వచ్చి, అలసి కునుకు తీస్తాడు. ఆ చేపని డబ్బుగా మార్చే పని మిగిలేది ఎవరికి? ఇల్లాలికే! అందుకే రైతు భార్య పొలంలో పనిమనిషి అయితే, జాలరి భార్య పుట్టుకతోనే వ్యాపారస్తురాలు అవుతుంది. కావాలని కాదు, చేప ఆగదు గనక.

భార్య: పాటలో నిలబడాలి, ఎదురుచూడాలి

మనం ఇంకా దుప్పటి ముసుగు తీయకముందే ఆవిడ లేస్తుంది. వాకిలి చిమ్మి, పొయ్యి వెలిగించి, పిల్లలకి అన్నం వార్చి, తట్ట చంకనబెట్టుకొని హార్బరుకి బయల్దేరుతుంది. అప్పటికే జెట్టీల మీద లైట్ల వెలుగులో బోట్లు బారులు తీరి వుంటాయి. డీజిలు వాసన, నీసు వాసన, ఐసు గడ్డలు పగలగొట్టే చప్పుడు, పాట పాడేవాళ్ళ కేకలు, పైన గద్దలు, కాకులు... కొత్తవాళ్ళకి తల తిరిగిపోతుంది.

ఆ గొడవలో ఆవిడ చేసే లెక్క చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. కుప్పలో పైన ఏం వుంది, అడుగున ఏం వుండొచ్చు, ఇవాళ కనగర్తలు ఎక్కువ దిగాయా, బజార్లో చందువలకి గిరాకీ వుందా, పక్కావిడ ఎంతదాకా పాడుతుంది... ఇదంతా రెప్పపాటులో తేల్చుకోవాలి. పెద్ద కుప్ప ఒక్కరివల్ల కాకపోతే ముగ్గురు నలుగురు కలిసి పాడుకొని, అక్కడే సమంగా పంచుకుంటారు. చేతిలో పైకం లేకపోతే అప్పుమీద తెచ్చుకొని, అమ్మాక కట్టేస్తారు. కాగితం లేదు, సంతకం లేదు. మాటే పూచీ. ఒకసారి మాట తప్పితే మర్నాడు పాటలో ఎవరూ నమ్మరు.

అక్కణ్ణించి ఆటోలోనో, కాలినడకనో బజారుకో, వీధులవెంటో. ఎండలో కత్తిపీట ముందు కూర్చొని పొలుసు తీసి, మొప్పలు తీసి, మనం అడిగిన సైజులో ముక్కలు కొట్టి ఇచ్చేదాకా ఆవిడ పనే. ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం దాటిపోతుంది. అప్పుడు నీళ్ళు, బట్టలు, వంట.

ఇదంతా ఒకెత్తు, ఎదురుచూపు ఒకెత్తు. పొలానికెళ్ళిన భర్త పొద్దుగూకేసరికి వస్తాడు. బోటెక్కిన భర్త ఎప్పుడొస్తాడో సముద్రమే చెప్పాలి. ఇప్పుడు సెల్‌ఫోన్లు, వైర్‌లెస్ సెట్లు, దారి చూపించే జీపీఎస్ యంత్రాలు వచ్చాయి గనక బోటు ఒడ్డుకి దగ్గరపడగానే కబురు తెలుస్తోంది. వెనకటి రోజుల్లో ఆ కబురు కూడా వుండేది కాదు. ఆకాశంలో మబ్బు పట్టినా, గాలి దిక్కు మారినా ఆడవాళ్ళు ఒడ్డున చేరి కళ్ళు కాయలు కాసేలా చూడ్డమే.

ఉత్తరాంధ్ర మగవాళ్ళు చాలామంది ఇక్కడి సముద్రంలో బతుకు సాగక గుజరాత్ తీరానికి వలసపోతారు. అక్కడి వేరావల్ రేవులో కళాసీలుగా, తండేళ్ళుగా బోట్లెక్కుతారు. 2018లో అలా వెళ్ళిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారుల్ని సరిహద్దు దాటారని పాకిస్తాన్ పట్టుకొని కరాచీ జైల్లో పెట్టింది. వాళ్ళ భార్యలు పిల్లల్ని చంకనేసుకొని అధికారుల చుట్టూ, నాయకుల చుట్టూ తిరిగారు. ఏడాదికి పైగా తిరిగాక 2020 జనవరి 6న వాఘా సరిహద్దు దగ్గర 20 మంది విడుదలయ్యారు. 2025లో వచ్చిన 'తండేల్' సినిమాకి ఆధారం ఆ సంఘటనే. సినిమాలో హీరో కనిపిస్తాడు సరే. ఇక్కడ ఇల్లు నడిపిందెవరు, పిల్లల ఆకలి తీర్చిందెవరు అని అడిగితే జవాబు ఆ ఆడవాళ్ళే.

అసలు తిరిగిరాని వాళ్ళ సంగతి మరీ కష్టం. సముద్రంలో మనిషి తప్పిపోయి శవం దొరకకపోతే, చట్టం దృష్టిలో ఆయన చనిపోయినట్టు కాదు. ఏడేళ్ళపాటు ఏ కబురూ లేకపోతేనే చనిపోయినట్టు భావించమంటుంది చట్టం. అందాకా మరణ ధ్రువపత్రం కోసం, బీమా సొమ్ము కోసం, పింఛను కోసం ఆ ఇల్లాలు తిరగాల్సిన గడపలు ఎన్నో! నుదుటి బొట్టు వుంచుకోవాలో తీసేయాలో తెలియని ఆడదాని మనసు ఎలా వుంటుందో ఆలోచించండి. అయినా మర్నాడు తట్ట ఎత్తాల్సిందే, పాటకి వెళ్ళాల్సిందే.

తల్లి: దీపం వుండగానే...

దీపం వుండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని మన పెద్దలు చెప్పారు. ఈ మాట అక్షరాలా పాటించేది హార్బరు తల్లులే. ఎందుకంటే ఏడాదిలో 61 రోజులు వాళ్ళింట్లో దీపం వుండదు.

చేపలు గుడ్లు పెట్టే కాలమని, ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పుతీరంలో మరబోట్ల వేట ఆపేస్తారు. 2015కి ముందు ఇది మే నెలాఖరు దాకా 47 రోజులే వుండేది. వేట ఆపడం మంచిదే. చేప పెరిగితేనే రేపు వల నిండుతుంది. విత్తనాల్ని వండుకు తినేస్తే ఏ రైతు మాత్రం బాగుపడ్డాడు? కానీ ఆ రెండు నెలలూ పొయ్యి వెలగాలి కదా! అదే సమయానికి పిల్లలకి కొత్త క్లాసులు, ఫీజులు, పుస్తకాలు, యూనిఫారాలు... పెళ్ళిళ్ళూ ఆ రోజుల్లోనే.

అందుకని వేట బాగా సాగే నెలల్లోనే ఆ తల్లి పదీ పరకా పక్కన పెడుతుంది. చీటీలు కడుతుంది. డ్వాక్రా సంఘంలో పొదుపు వేస్తుంది. చెవి దుద్దులు, ముక్కుపుడక, గాజులు ఆవిడకి అలంకారం మాత్రమే కాదు, బ్యాంకు కూడా. బోటు రిపేరుకొస్తే తాకట్టుకి వెళ్ళేవి అవే, కొడుకు పరీక్ష ఫీజుకి వెళ్ళేవీ అవే.

వేట ఆగిన రోజులకి ప్రభుత్వం భృతి ఇస్తోంది. 4,000 రూపాయలు వుండేది 2019లో 10,000 అయింది. 2025 ఏప్రిల్‌లో 20,000 చేశారు. ఆ ఇంటికి అది కొండంత అండ. ఐతే ఇది ఎవరికి వస్తుందో గమనించండి. బోటుమీద వేటకెళ్ళే మనిషి పేరున వస్తుంది. బోటు ఆగితే ఆయన పని ఆగినట్టే, నిజమే. మరి ఆవిడ తట్ట? అది కూడా ఆగిపోతుంది కదా! భర్త వున్న ఇంట్లో ఆయనకొచ్చిన సొమ్ముతో ఎలాగో సర్దుకుంటారు. భర్త పోయిన ఆడదానికి, కొడుకులు వేరే పనుల్లోకి వెళ్ళిపోయిన ముసలావిడకి, తట్ట ఒక్కటే ఆధారమైన మనిషికి ఆ 61 రోజులూ ఎలా గడవాలి? ఈ ప్రశ్నకి జవాబు ఇంకా సరిగా దొరకలేదు.

పైగా ఆపదలు చెప్పి రావు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను సరిగ్గా విశాఖ దగ్గరే తీరం దాటింది. బోట్లు దెబ్బతిన్నాయి, రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు లేకపోతే ఐసు లేదు. ఐసు లేకపోతే చేపల వ్యాపారమే లేదు. 2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు గుజరాత్‌లో చిక్కుకుపోయిన మనవాళ్ళు వేలాదిమంది, వారాల తర్వాత బస్సుల్లో ఇల్లు చేరారు. 2023 నవంబరు 19 రాత్రి హార్బరులో లంగరు వేసిన బోట్లకి నిప్పంటుకుంది. డీజిలు ట్యాంకులు, వంటగ్యాసు సిలిండర్లు తోడై మంటలు ఎగసిపడ్డాయి. తెల్లారేసరికి సుమారు 40 బోట్లు కాలిపోయాయి. బోటు విలువలో 80 శాతం పరిహారంగా ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది.

బోటుకి విలువ కట్టొచ్చు. దానికి రిజిస్ట్రేషను వుంటుంది, ఇంజను వుంటుంది, కొన్న కాగితం వుంటుంది. కానీ ఒక్కో బోటు చేపమీద ఆధారపడ్డ తట్టలకి ఏ కాగితం మీద విలువ రాసి వుంటుంది? ఆ వారం పాటకి చేప లేక ఉత్తచేతులతో ఇంటికెళ్ళిన తల్లి ఏ లెక్కలోకి వస్తుంది?

ఇంత జరిగినా ఆ తల్లి పట్టుదల ఒక్కటే... పిల్లలు చదువుకోవాలి. తనలా వేలిముద్ర వేయకూడదు. హార్బరు చుట్టుపక్కల ఇళ్ళలో డిగ్రీలు చదివిన అమ్మాయిలు, పోర్టులోనో స్టీలుప్లాంటులోనో ఉద్యోగం రావాలని ఆశపడే అబ్బాయిలు కనిపిస్తే, వాళ్ళ వెనక పొద్దున మూడింటికి లేచిన ఒక అమ్మ వుందని గుర్తుపెట్టుకోండి.

అమ్మమ్మ: ఎండుచేపల గాదె

చేపకి గాదె లేదన్నాం కదా! నిజానికి ఒకటుంది. అది అమ్మమ్మ చేతుల్లో వుంది.

పాటలో నిలబడే ఓపిక తగ్గాక, తట్ట మోసే బలం మెడకి లేకపోయాక పెద్దావిడలు ఎండుచేపల పనిలో పడతారు. అమ్ముడుపోని నెత్తళ్ళు, కవ్వళ్ళు, సొరలు, సావిడాయలు శుభ్రం చేసి, పెద్దవాటికి ఉప్పు పట్టించి, ఎండలో ఆరబెడతారు. వినడానికి తేలికే, చేయడంలో వుంది మర్మం. ఉప్పు తక్కువైతే పురుగు పడుతుంది, ఎక్కువైతే కొనేవాళ్ళుండరు. ఎండ చాలకపోతే బూజు. మబ్బు కమ్మితే పరిగెత్తుకెళ్ళి అన్నీ ఎత్తిపెట్టాలి. కాకుల్ని, కుక్కల్ని తోలుతూ రోజంతా కాపలా. వాన తగిలిందా, పెట్టుబడి మొత్తం గంగపాలే.

నేలమీద ఇసుకలో ఎండబెట్టే బదులు నడుమెత్తు బల్లలమీద వలపరిచి ఎండబెడితే చేప శుభ్రంగా వుంటుంది, కిందనుంచి కూడా గాలి ఆడి త్వరగా ఎండుతుంది, ధర కూడా ఎక్కువ పలుకుతుంది. విశాఖలోనే వున్న కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ పరిశోధన కేంద్రంవాళ్ళు ఇలాంటి పద్ధతులు నేర్పిస్తుంటారు. అలా ఎండబెట్టిన చేప కళింగాంధ్ర పల్లెల్లో, ఏజెన్సీ సంతల్లో వానాకాలమంతా కూరై ఆదుకుంటుంది. పచ్చిచేప దొరకని వేట నిషేధం రోజుల్లో పట్నంలోనూ అదే దిక్కు.

అమ్మమ్మ చేసే ఇంకో పని వుంది. దానికి కూలీ లేదు, పేరు కూడా లేదు. కూతురో కోడలో తెల్లవారుజామున హార్బరుకి వెళ్ళాలంటే చంటిపిల్లని ఎవరు చూడాలి? బడికెళ్ళే పిల్లకి జడ ఎవరు వేయాలి? అమ్మమ్మే. ఆవిడ ఇంటిపట్టున వుండబట్టే కూతురు పాటలో నిలబడగలుగుతోంది. కూతురు పాటలో నిలబడబట్టే మనవరాలు కాలేజీకి వెళ్ళగలుగుతోంది. మూడు తరాల ఆడవాళ్ళు ఒకరి భుజంమీద ఒకరు చెయ్యేసి నడుస్తున్నారన్నమాట!

ఇంట్లో కాన్పు అయితే బాలింతకి సొరపుట్టు చేసిపెట్టేది అమ్మమ్మే. పాలు బాగా పడతాయని తీరంలో పెద్దల నమ్మకం. మార్గశిర మాసం గురువారాల్లో బురుజుపేట కనకమహాలక్ష్మమ్మకి పసుపు కుంకాలు తీసుకెళ్ళేది ఆవిడే. జూన్ 14తో నిషేధం ముగిసి బోట్లు మళ్ళీ కదిలేరోజున, గంగమ్మకి దణ్ణం పెట్టి, బోటు ముక్కుకి పసుపు కుంకుమ అద్ది, కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు పెట్టే ఆచారాన్ని పిల్లలకి గుర్తుచేసేది కూడా ఇంటి పెద్దావిడే.

అమ్మమ్మల వంటకం: ఎండు నెత్తళ్ళు - వంకాయ కూర

కావలసినవి: ఎండు నెత్తళ్ళు 100 గ్రాములు, లేత వంకాయలు పావుకిలో, ఉల్లిపాయలు 2, పచ్చిమిర్చి 4, చిన్న నిమ్మకాయంత చింతపండు, వెల్లుల్లి రేకలు 8, కారం ఒకటిన్నర చెంచా, పసుపు పావు చెంచా, జీలకర్ర అర చెంచా, నూనె 3 పెద్ద చెంచాలు, కరివేపాకు, కొత్తిమీర, ఉప్పు.

చేసే విధానం: నెత్తళ్ళ తలలు తుంచేసి, నూనె లేకుండా మూకుట్లో సన్నని సెగమీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించండి. గోరువెచ్చటి నీళ్ళలో వేసి రెండుమూడు నీళ్ళు మార్చి కడగండి. అడుగున దిగిన ఇసుక కూడా పోతుంది. మూకుట్లో నూనె కాగాక జీలకర్ర, దంచిన వెల్లుల్లి, కరివేపాకు వేసి, ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిర్చి మగ్గనివ్వండి. పసుపు, వంకాయ ముక్కలు వేసి మూతపెట్టండి. వంకాయ సగం ఉడికాక నెత్తళ్ళు, కారం వేసి కలిపి, చింతపండు పులుసు పోసి దగ్గరపడేదాకా ఉడకనివ్వండి. ఉప్పు మాత్రం చివర్లో రుచి చూసి వేయండి. కొన్ని ఎండుచేపల్లో ముందే ఉప్పు వుంటుంది. దించేముందు కొత్తిమీర చల్లండి. వేడన్నంలోకి, గంజన్నంలోకి కూడా బాగుంటుంది. రక్తపోటు వున్నవాళ్ళు ఉప్పు పట్టించిన చేప తక్కువగా తినడం మంచిది.

పచ్చిచేప కొనేటప్పుడు హార్బరు ఆడవాళ్ళు చూసే గుర్తులు కూడా తెలుసుకోండి. కన్ను ఉబ్బెత్తుగా, తళతళలాడుతూ వుండాలి. మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా వుండాలి. వేలితో నొక్కితే గుంట పడకుండా మళ్ళీ లేవాలి. సముద్రపు వాసన వుండొచ్చు గానీ కుళ్ళువాసన వుండకూడదు. ఇంటికి తెచ్చాక ఉప్పు, పసుపు పట్టించి, కాస్త నిమ్మరసం పిండి కడిగితే నీసువాసన పోతుంది.

మనం తగ్గించే పది రూపాయలు ఎవరివి?

ఇప్పుడు మనింటి గుమ్మం దగ్గరికి వద్దాం. చేపలావిడ తట్ట దించుతుంది. మనం ధర అడుగుతాం. ఆవిడ చెప్పగానే సగానికి అడుగుతాం. అలవాటు కదా!

ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. ఆవిడ పాటలో 2,000 రూపాయల చేప పాడుకుందనుకోండి. ఐసుకి 100, ఆటోకి 200, బజారు ఆశీలు, అప్పుకి వడ్డీ కలిపి ఇంకో 100 అనుకుందాం. అంటే అమ్మకం మొదలుపెట్టకముందే 2,400 అయింది. తట్ట మొత్తం అమ్మితే 2,900 వచ్చిందనుకుంటే ఆవిడకి మిగిలేది 500. తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నం దాకా నిలబడ్డందుకు, మోసినందుకు, కోసినందుకు, కడిగినందుకు కూలి అదే. పదిమంది కొనేవాళ్ళు తలో ముప్పై రూపాయలు తగ్గిస్తే 300 పోయినట్టు. మిగిలేది 200!

చూశారా? మనం తగ్గించేది బోటు యజమాని సొమ్ము కాదు. ఆయన సొమ్ము పాటలోనే ఆయనకి చేరిపోయింది. డీజిలు ధర తగ్గదు, ఐసు ధర తగ్గదు, ఆటో కిరాయి తగ్గదు. ఆ తట్టలో తగ్గించడానికి వీలున్నది ఒక్కటే... ఆవిడ కష్టం. లెక్కలో ఎక్కడా రాయనిది కూడా అదే.

ఇది మన దగ్గరే కాదు. ప్రపంచమంతటా చేపలు పట్టేవాళ్ళని మాత్రమే లెక్కేస్తే అందులో ఆడవాళ్ళు కొద్దిమందే కనిపిస్తారు. శుభ్రం చేయడం, ఎండబెట్టడం, అమ్మడం కూడా కలిపితే సుమారు సగంమంది ఆడవాళ్ళేనని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ చెబుతోంది. సగంమంది పనిచేసే చోట 'మత్స్యకారుడు' అన్న మాట మాత్రమే వుండిపోయింది.

కొన్ని దారులు తెరుచుకున్నాయి. వీధి వ్యాపారుల కోసం 2014లో వచ్చిన చట్టం తట్ట పెట్టుకొని అమ్మేవాళ్ళకి, వీధులవెంట తిరిగి అమ్మేవాళ్ళకి కూడా గుర్తింపు కార్డు ఇవ్వమంటుంది. పట్టణ వీధి వ్యాపార కమిటీలో వ్యాపారుల తరఫున వుండేవాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళే వుండాలంటుంది. 2020లో మొదలైన స్వనిధి పథకం కింద అలాంటి వ్యాపారులకి హామీ అడక్కుండా బ్యాంకు అప్పు ఇస్తారు. మొదటి విడత 10,000 వుండేది, 2025లో 15,000కి పెంచారు. తీర్చినకొద్దీ తర్వాతి విడత పెద్దది వస్తుంది. రైతులకిచ్చే కిసాన్ క్రెడిట్ కార్డు కూడా 2018-19 నుంచి మత్స్యకారులకి, మహిళా సంఘాలకి వర్తిస్తోంది. రోజువారీ వడ్డీకి అప్పు తెచ్చుకునే ఆవిడకి ఇవి చాలా పెద్ద ఊరట. కానీ దరఖాస్తు రాయడం రాదు, మున్సిపల్ ఆఫీసులో ఏ కిటికీ దగ్గరికి వెళ్ళాలో తెలీదు. పొద్దున్న పాట, మధ్యాహ్నం బజారు... ఆఫీసు వేళకి ఆవిడకి తీరికెక్కడ?

అక్కడే మనలాంటి ఇల్లాళ్ళు చేయగలిగింది వుంది. మనింటికి ఏళ్ళ తరబడి చేపలు తెచ్చే ఆవిడని ఒక్కమాట అడగండి. "కార్డు వుందామ్మా?" అని. లేదంటే మీ అబ్బాయిచేతో, అమ్మాయిచేతో దరఖాస్తు నింపించి ఇవ్వండి. చేప కోసి, కడిగి ఇచ్చినందుకు విడిగా పది రూపాయలు చేతిలో పెట్టండి. ఎండలో నిలబడితే ఒక గ్లాసు మంచినీళ్ళివ్వండి. బేరం ఆడొద్దని కాదు. చేప బాగాలేకపోతే నిలదీసి అడగండి, ఆవిడ కూడా ఒప్పుకుంటుంది. చేప బాగుంటే మాత్రం ఆవిడ కూలిని కోయకండి.

రైతు ఇల్లాలి కష్టం మనకి తెలుసు గనక అన్నం పారేయడానికి మనసొప్పదు. పళ్ళెంలో మెతుకు మిగిల్చితే పిల్లల్ని కోప్పడతాం. చేపముక్క వడ్డించేటప్పుడు కూడా పిల్లలకి ఒక్కమాట చెప్పండి... దీన్ని సముద్రంలోంచి తెచ్చింది ఒక నాన్న, మనింటిదాకా తెచ్చింది ఒక అమ్మ, ఆ అమ్మ వెళ్ళిరావడానికి ఇంటి దగ్గర పిల్లని చూసుకుంది ఒక అమ్మమ్మ అని.